బరువు వెళ్లే వైపు

కాగితం చదవడానికి నిదానం కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఈలోగా సూపర్‌వైజరు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

నిదానం అనేది అతని అసలు పేరు కాదు. రోలరు అందరికంటే మెల్లగా నడుపుతాడని ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు. పిలవగా పిలవగా అదే స్థిరపడిపోయి, చివరికి హాజరు పట్టీలోకి కూడా ఎక్కింది. చదవడంలోనూ అతను అంతే. ఒక్కో మాట దగ్గరా ఆగి, పెదాలు కదుపుతూ చదువుతాడు.

"తారు మిశ్రమము చల్లారిన తరువాత రోలింగు చేసినందున రోడ్డు పగుళ్లిచ్చినదనియు, ఇది నా అజాగ్రత్త వలననే జరిగినదనియు ఒప్పుకొనుచున్నాను." కింద తేదీ, సంతకానికి ఒక గీత.

రేకుల గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ వేడిగాలినే అటూ ఇటూ తోస్తోంది. బల్ల మీద మూడు కిలోమీటర్ల రోడ్డు పటం పరిచి ఉంది, నాలుగు మూలలా నాలుగు కంకర రాళ్లు బరువు పెట్టి.

"ఇందులో రోడ్డంతా అన్నట్టుందే?" అన్నాడు నిదానం.

"రోడ్డంటే రోడ్డే కదన్నా. ఎక్కడ చల్లారింది, ఎక్కడ చల్లారలేదు అని అడుగులు లెక్కపెట్టి రాస్తే ఎవరు చదువుతారు?"

"నేను చదువుతాను."

సూపర్‌వైజరు నవ్వబోయి మానుకున్నాడు. అతనికి ముప్పై రెండేళ్లుంటాయి. పనిలో చేరిన కొత్తలో రోలరు పక్కన నడుస్తూ, తారు కలిపిన కంకర మిక్స్ ఎంత వేడిగా ఉంటే నొక్కాలో, ఎక్కడ ఆగితే మచ్చ పడుతుందో నిదానం దగ్గరే నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ అన్నా అనే పిలుస్తాడు.

"ఆ రోజు సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు, గొంతు తగ్గించి.

నిదానానికి తెలుసు. ఎనిమిది నెలల కిందట, రోడ్డు వేసే చివరి రోజు, మిక్స్ తెచ్చే లారీ ఒకటి ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుంది. అది వచ్చి తారు పరిచే మిషన్ తొట్టిలో కుమ్మరించినప్పుడు పొగ లేదు. మామూలుగా అయితే కళ్లు మండించే పొగ. రోలరు ఎక్కిస్తే మిక్స్ అణగడానికి మొరాయించింది, డ్రమ్ము వెనకాల వెంట్రుకంత గీతలు లేచాయి. నిదానం బ్రేకు మీద కాలు పెట్టి సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు చెయ్యి ఊపాడు, నడుపు నడుపు అని. నిదానం నడిపాడు. వంద అడుగులు.

"సంతకం పెడితే తీసేస్తారా?"

"తీసెయ్యరన్నా. కొన్నాళ్లు యార్డులో ఉంటావు, అంతే. పెట్టకపోతే మాత్రం తప్పు కంపెనీ మీద పడి, దాని పేరు బ్లాక్ లిస్టులోకి పోతుంది. గ్యాంగులో నలభై మందికి పనుండదు. నా సంగతి సరే, వదిలేయ్." కాగితం మీద వేలితో తట్టాడు. "ఎల్లుండి పొద్దున రోడ్ల శాఖ పెద్దింజినీరు రోడ్డు చూడ్డానికి వస్తున్నాడు. రోడ్డు మీదే ఇచ్చెయ్, చాలు."

నిదానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. యార్డులో అతని రోలరు నీడలో ఉంది. అలవాటు కొద్దీ డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. ఇనుము గోరువెచ్చగా ఉంది. ఏం తోచక, దానికి అంటుకున్న తారు బొట్టును గోటితో గీకసాగాడు.

ఆ కాగితం భార్య కంటబడింది. ఆమె ఇంట్లోనే మిషన్ మీద స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఉతకబోయే ముందు ప్రతి జేబూ తిరగేసి చూడటం ఆమెకు అలవాటు.

"ఏంటయ్యా ఇది? ఇంత మంచి చేతిరాత నీది కాదే."

"ఇచ్చెయ్ ఇటు."

ఇవ్వలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివింది. చదివి, మిషన్ ముందు కూర్చుని, కుట్టు మొదలుపెట్టకుండా చక్రం మీద చెయ్యి పెట్టింది.

"నిజంగా చల్లార్చావా?"

"వంద అడుగులు."

"మిగతాది?"

"మిగతాదంతా పొగలు కక్కుతుండగానే నొక్కాను."

"మరి ఇందులో వంద అడుగులని ఎక్కడుంది?"

"లేదు."

"నేనొక చొక్కాకి గుండీ వంకరగా కుట్టాననుకో. బడి మొత్తానికి చొక్కాలు పాడుచేశానని రాసిస్తానా?"

"గుండీకీ రోడ్డుకీ పోలికేంటే?"

"పోలిక ఉందో లేదో నువ్వే చెప్పు. ఆ వంద అడుగులు ఎలా ఉన్నాయి ఇప్పుడు? బాగా పగిలాయా?"

నిదానం మంచం పట్టెను వేలితో గీస్తూ కూర్చున్నాడు. చూడలేదు. ఎనిమిది నెలలుగా ఆ దారిన బస్సులో వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ఆ చోటు వచ్చేసరికి అవతలి కిటికీలోంచి చూసేవాడు. రోడ్డు పగిలిందని నలుగురూ చెప్పుకుంటుంటే, ఆ పగులు తన వంద అడుగుల దగ్గర మొదలై మిగతా రోడ్డంతా పాకినట్టు ఊహించుకునేవాడు.

"ముందు వెళ్లి చూసిరా" అంది భార్య. "చూడకుండా ఎలా ఒప్పుకుంటావు?"

మర్నాడు బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఎండ మరుగుతున్న నీళ్లలా కదులుతోంది. ఊళ్లోకి వచ్చే వైపు అంచున నిలబడి చూశాడు నిదానం.

లారీ చక్రాలు నడిచే చోట రెండు జాడలు, మూరెడు వెడల్పున, లోపలికి దిగిపోయి ఉన్నాయి. జాడల్లో పగుళ్లు నిలువుగా, అడ్డంగా ఒకదాన్నొకటి కలుపుకుంటూ మొసలి తోలులా పరుచుకున్నాయి. వంగి ఒక అగ్గిపుల్ల దూర్చాడు. సగం దాకా దిగింది. లేచి అడుగేస్తే చెప్పు తారుకి అతుక్కుని చప్పుడు చేస్తూ ఊడింది. ఇంత మెత్తగా ఉన్నది ఎలా పగిలిందో అతనికి అంతుపట్టలేదు.

హారన్ వినబడి పక్కకి తప్పుకున్నాడు. రాళ్ల లారీ. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మూడు. అవి వెళ్తుంటే కాళ్ల కింద నేల కిందికి కుంగి మళ్లీ లేచినట్టనిపించింది. ఎన్నో ఏళ్లు రోలరు మీద కూర్చున్న ఒళ్లు, నేల కదలికను పాదాలతోనే పసిగడుతుంది.

తన వంద అడుగులు కల్వర్టు దాటాక, క్వారీకి వెళ్లే వైపు. రోడ్డు దాటి అక్కడికి నడిచాడు. కల్వర్టు గోడ మీద నంబరు చూసుకున్నాడు. అడుగులు వేస్తూ లెక్కపెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, కాలకుండా రుమాలు వేసి దాని మీద అరచెయ్యి పెట్టి రుద్దాడు. పైపొర గరుకుగా ఉంది, కంకర పళ్లు బయటికి కనబడుతున్నాయి. మంచి పని కాదని చెయ్యి చెబుతోంది. కానీ పగులు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

నమ్మకం కలగక మళ్లీ కల్వర్టు దాకా వెళ్లి మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. అదే చోటు.

కొంచెం దూరంలో ఒక ఖాళీ లారీ టైరు మార్చుకుంటూ ఆగి ఉంది. డ్రైవరు బండి నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. "ఏం పెద్దాయనా, ఏమన్నా పారేసుకున్నావా?" అని అడిగాడు.

"ఆఁ, అలాంటిదే" అన్నాడు నిదానం. సీసా అందుకుని రెండు గుక్కలు తాగాడు. "ఇన్ని లారీలు ఎప్పట్నుంచి ఇటు?"

"బైపాసు వంతెన మూసిన కాడ్నుంచీ. రెండు నెలలన్నారు. ఎనిమిదో నెల నడుస్తోంది. మా క్వారీ నుంచే రోజుకి రెండొందల ట్రిప్పులు."

"ఎంత బరువుంటుంది ఒక్కో లోడు?"

"చీటీలో ఎంతుందో చెప్పనా, బండి మీద ఎంతుంటుందో చెప్పనా?" నవ్వాడు డ్రైవరు. "చీటీలో పద్దెనిమిది టన్నులు. బండి మీద ఉన్నది బండికే తెలుసు. లోడుతో అటు వెళ్లేటప్పుడు మూలుగుతుంది పాపం. దింపేసి ఇటు తిరిగి వచ్చేటప్పుడు చూడు, పెళ్లికొడుకులా పరిగెడుతుంది."

నిదానం అటు చూశాడు, ఇటు చూశాడు. బరువుతో ఊళ్లోకి వెళ్లేది అటువైపు. ఖాళీగా వచ్చేది ఇటువైపు.

అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. తలకి టోపీ, చేతిలో సుద్దముక్క పట్టుకుని ఒకామె దిగి, పగుళ్లున్న వైపు రోడ్డు మీద గుండ్రాలు గియ్యడం మొదలుపెట్టింది. ల్యాబు నుంచి వచ్చిన ఇంజినీరని జీపు మీది అక్షరాలను బట్టి తెలిసింది. నిదానం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఎందుకమ్మా ఈ గుండ్రాలు?"

"రేపు ఇక్కడ మిషన్‌తో కోసి లోపలి ముక్క తీస్తాం బాబాయ్. కోరు అంటారు. రోడ్డుకి ఏం జబ్బు చేసిందో అది చెబుతుంది."

"ఇంత మెత్తగా ఉంది కదమ్మా. మెత్తనిది పగులుతుందా?"

ఆమె సుద్దముక్క ఆపి అతని వంక చూసింది. ఆ ప్రశ్న ఆమెకు నచ్చినట్టుంది.

"మధ్యాహ్నం మెత్తబడుతుంది. అప్పుడు లారీలు తొక్కితే గాడి పడుతుంది. కానీ రోజూ ఇలా కాగి కాగి తారులో ఉన్న జిడ్డు పోతుంది. జిడ్డు పోతే ఎండు రొట్టెలా పెళుసెక్కుతుంది. చల్లబడిన పూట ఆ పెళుసు మీదే మళ్లీ లారీ ఎక్కుతుంది. వంగలేక విరుగుతుంది."

"రెండూ కలిస్తేనా?"

"రెండూ కలిస్తేనే ఇంత తొందరగా."

"అటువైపు కొయ్యరా?" అని క్వారీ వైపు చూపించాడు.

"పగలని చోట కోసి ఏం చేస్తాం?"

చెప్పడానికి నోరు తెరిచాడు నిదానం. చెబితే చల్లారిన మిక్స్ నొక్కాడని తానే చూపించినట్టవుతుంది. ఇన్నాళ్లూ ఎవరికీ దొరకని చోటు. ఆమె జీపెక్కి వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికే రోడ్డు సగం మూసి ఎర్రజెండాలు పాతారు. పెద్దింజినీరు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. నెరిసిన జుట్టు, ముడతపడని చొక్కా. కోరు మిషన్ గిర్రున తిరుగుతూ బూడిద రంగు బురద కక్కుతోంది. ల్యాబు ఇంజినీరు మొదటి ముక్కను బయటికి తీసి, నీళ్లతో కడిగి, రెండు చేతులతో పట్టుకుంది. జానెడు పొడవు, స్తంభంలా. పైనుంచి సగం దాకా పగులు దిగి ఉంది.

"తెచ్చావా అన్నా?" అని సూపర్‌వైజరు నిదానం చెవిలో అడిగాడు. నిదానం జేబు తడుముకున్నాడు. ఉంది.

"నువ్వేనా రోలరు డ్రైవరువి?" అన్నాడు పెద్దింజినీరు. "చల్లారాక నొక్కానని రాసిచ్చావటగా? ఏదీ?"

"నొక్కాను సార్" అన్నాడు నిదానం. "కానీ ఇక్కడ కాదు. అటువైపు, కల్వర్టు దాటాక. వంద అడుగులు."

సూపర్‌వైజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇక్కడా అక్కడా ఏంటి? చల్లార్చావా, లేదా?"

"అక్కడ చల్లార్చాను, అక్కడ పగల్లేదు. ఇక్కడ వేడి మీదే నొక్కాను, ఇక్కడ పగిలింది. ఎందుకో నాకు తెలీదు సార్, నేను పెద్దగా చదువుకోలేదు. ఒకసారి అక్కడ కూడా కోసి చూడండి."

లారీల వరసలో ఎవడో హారన్ మీద చెయ్యి ఆనించి తియ్యడం లేదు. ల్యాబు ఇంజినీరు చేతిలోని ముక్కను తిప్పి తిప్పి చూసింది. "సార్, నిజానికి ఈ ముక్క గట్టిగానే ఉంది. బాగా నొక్కిన రోడ్డే ఇది" అని, ఇంకెవరినీ అడక్కుండా మిషన్‌ను అవతలి వైపుకి తోయించింది.

కల్వర్టు దాటాక నిదానం అడుగులు వేసి, మధ్యలో నిలబడి, తన పాదం దగ్గర కొయ్యమన్నాడు. ముక్క బయటికొచ్చేదాకా మిషన్ వంక చూడలేకపోయాడు. వచ్చాక చూశాడు. పక్కలంతా చిన్న చిన్న రంధ్రాలు, పురుగు తిన్న కర్రలా. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

ఆమె రెండు ముక్కల్నీ కల్వర్టు గోడ మీద పక్కపక్కన నిలబెట్టింది.

"ఇది సరిగ్గా నొక్కలేదు. ఆయన చెప్పింది నిజమే. రెండు మూడు వానలు పడితే కంకర లేచిపోయేది" అంది, రంధ్రాల ముక్కను చూపిస్తూ. "కానీ పగుళ్లకి కారణం చల్లారిన మిక్సే అయితే ముందు పగలాల్సింది ఇదే సార్. రెండింటి మీదా ఒకే ఎండ. తేడా ఒక్కటే, అటు లోడు వెళ్తోంది, ఇటు ఖాళీ బళ్లు వస్తున్నాయి." తర్వాత ఊరికే అడిగినట్టు అడిగింది. "ఈ రోడ్డు ఇంత లోడుకి వేసింది కాదు కదా. లారీల్ని ఇటు ఎవరు మళ్లించారు?"

పెద్దింజినీరు గొడుగు మడిచాడు. మడిచి, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు మళ్లీ తెరిచాడు.

"నేనే" అన్నాడు. "రెండు నెలలకని సంతకం పెట్టాను. ఆ తర్వాత..." వాక్యం పూర్తి చెయ్యలేదు. పగిలిన ముక్కను చేతిలోకి తీసుకుని, పగులు వెంట బొటనవేలు నడిపించాడు. అది ఎక్కడ ఆగిందో అక్కడ అతని వేలూ ఆగింది.

కాసేపటికి నిదానం వైపు తిరిగాడు. "ఆ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. అది నా ఫైల్లో పెట్టలేను. ఈ వంద అడుగులకి మాత్రం మీకు మెమో వస్తుంది."

"రానివ్వండి సార్."

"చల్లారిందని తెలిసి ఎందుకు నడిపారు?"

సూపర్‌వైజరు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"రోలరు నా చేతిలో ఉంది సార్. ఆపాల్సింది. ఆపలేదు" అన్నాడు నిదానం.

పెద్దింజినీరు జీపు దగ్గరికి వెళ్లి, బానెట్టు మీదే కాగితం పెట్టి రాశాడు. ఇవాళ్టి నుంచి పదకొండింటికీ నాలుగింటికీ మధ్య రాళ్ల లారీలు ఈ దారిన రాకూడదు. క్వారీ గేటు దగ్గర తూకం వేసి, చీటీలో ఉన్నంతే ఉంటేనే వదలాలి. పాడైన వైపు తవ్వి, కింది పొరతో సహా మళ్లీ వెయ్యాలి. చివర సంతకం పెట్టేముందు పెన్ను కాసేపు గాల్లోనే ఆగిపోయింది. తర్వాత పెట్టాడు.

వాళ్లు వెళ్లిపోయాక కోసిన గుంతలు మిగిలాయి. వాటిని పూడ్చందే దారి వదలకూడదు. సూపర్‌వైజరు ఎవరికీ చెప్పకుండా తానే తోపుడుబండిలో వేడి మిక్స్ తోసుకుంటూ వచ్చాడు. పొగకి అతని కళ్లు ఎర్రబడ్డాయి, లేదా పొగ వల్ల కాకపోవచ్చు.

"నా పేరెందుకు చెప్పలేదన్నా?"

"అది నేను చెప్పాల్సింది కాదు" అన్నాడు నిదానం, గుంత అంచులకి తారు పూస్తూ.

సూపర్‌వైజరు పారతో మిక్స్ గుంతలో వేశాడు. "సాయంత్రం ఆఫీసుకెళ్లి రాసిస్తాను" అన్నాడు.

నిదానం తల ఊపాడు. దిమ్మిస కర్ర ఎత్తి గుంతలో దించాడు. కొంచెం వేసి కొట్టాడు, ఇంకొంచెం వేసి కొట్టాడు. అంచుల్లో, మధ్యలో, మళ్లీ అంచుల్లో. చెమట ముక్కు మీంచి జారి మిక్స్ మీద పడి చుయ్యిమని ఆవిరైంది. పైన చదునయ్యాక చెయ్యి ఆనించబోయి, కాలుతుందని వెనక్కి తీసుకున్నాడు.

ఆగిన వరసలో మొదటి లారీ డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "ఇంకా ఎంతసేపు? పదకొండయితే మమ్మల్ని ఆపేస్తారంట! పళ్లెమంత గుంతకి ఇంత పూజ చెయ్యాలా?"

"దీని మీద ఇప్పుడే ఎక్కితే దిగిపోతుంది. వేడి తగ్గాలి" అన్నాడు నిదానం.

"ఎంతసేపటికి తగ్గుతుంది?"

"తగ్గినప్పుడు చెప్తాను."

డ్రైవరు ఏదో గొణిగాడు. నిదానం ఎర్రజెండా కర్రను నేలకి ఆనించి, గుంతకీ లారీకీ మధ్య వెళ్లి నిలబడ్డాడు. కాసేపు ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. తర్వాత డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెనకవాడు కూడా ఆపాడు. ఒకటొకటిగా వరస చివరిదాకా చప్పుడు తగ్గిపోయింది.